అత్తయ్యకు పనిలేని ఇల్లు

సైకిల్ షాపు మేడ మీద నుంచి,
ఆదివారం, ఇంటిల్లిపాదీ కునుకు తీస్తున్న వేళ

అక్కా,

మేం బాగున్నాం, మీరూ బాగున్నారని తలుస్తున్నాం అనే వాక్యం రాసేసినట్టే అనుకో. ఫోన్లో చెబితే ప్రతి ముక్కకీ అడ్డొస్తావు. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. ఇందులో నువ్వు నోరు మూసుకుని వినక తప్పదు.

అత్తయ్య ఉంటున్న బిల్డింగు పడగొడుతున్నారట. వానలు తగ్గేలోపు ఖాళీ చెయ్యమని ఇంటాయన చెప్పాడట. అన్నేళ్ళు ఉన్న ఇల్లు కదా, ఏడుస్తుందేమోనని భయపడుతూ అడిగాను. "ఏడవడానికేముందే, ఆ కుళాయి ఎప్పుడూ కారుతూనే ఉంది, నా బదులు అదే ఏడ్చింది" అంది. అసలు సంగతి ఇప్పుడు విను. ఇక మీదట మనిద్దరిలో ఒకరి దగ్గరే ఉంటుందట. ఎవరి దగ్గరో తేల్చుకోవడానికి ముందు నా దగ్గర ఒక నెల, ఆ తర్వాత నీ దగ్గర ఒక నెల ఉండి చూస్తుందట. "అద్దెకి ఇల్లు చూసినట్టా?" అన్నాను. "అద్దె ఇల్లయితే ఇంత ఆలోచిస్తానా? నచ్చకపోతే మారిపోవచ్చు" అంది.

ముందే చెబుతున్నాను, గెలిచేది నేనే. అమ్మ పోయేనాటికి నువ్వు జడ నువ్వే వేసుకునేంత దానివి. నేను చెప్పులు ఎడమది కుడికి వేసుకునేంత దాన్ని. అమ్మ తర్వాత మనల్ని పెంచిన మేనత్త ఒళ్ళో ఎక్కువ కాలం కూర్చున్నది ఎవరు? నేను. కాబట్టి ఆవిడ మీద మొదటి హక్కు నాది.

నా ఇంటి అందచందాల సంగతి నీకు తెలియనిది కాదు. గోడకి సున్నం ఊడిన చోట ఒక క్యాలెండరు, ఆ క్యాలెండరు చాలని చోట ఇంకో క్యాలెండరు. రెండూ ఏనాటివో. ఖాళీ రంగు డబ్బాల్లో మొక్కలు పెట్టి మెట్ల మీద వరసగా పేర్చాను. పూలషాపువాళ్ళు వాడిపోయాయని పారేసే మొక్కలన్నీ తెచ్చి నేను బతికిస్తున్నాను. నా సరదా అదొక్కటే. మీ మరిదికి పాత రేడియోలు బాగుచేసే సరదా. ఇంట్లో ఏడో ఎనిమిదో రేడియోలున్నాయి, ఒక్కటీ నోరు విప్పదు. విప్పినా మా పిల్లల గోలలో వినపడదులే.

ఇక నీతో పని. రిటైరయ్యాక చేతులు ఊరుకోక అత్తయ్య మనిద్దరికీ చెరో గుండీల నెమలి చేసి ఇచ్చింది కదా, యూనిఫారాలు కుట్టిన ఫ్యాక్టరీలో మిగిలిన గుండీలన్నీ నల్లబట్ట మీద కుట్టి, అట్టకి బిగించి. చూసినవాళ్ళందరూ "కోడి బాగుందండీ" అంటారు, అదే. నాది గోడ మీద లేదు. మీ మరిది పొట్ట నీకు తెలుసు. బస్సులో డ్రైవరు సీట్లో కూర్చున్నాడంటే చొక్కా గుండీ టప్‌మని ఎగిరి అద్దానికి తగులుతుంది. పొద్దున్నే డ్యూటీకి టైమైపోతుంటే గుండీల కోసం బజారుకి పరిగెత్తనా, ఎదురుగా గోడనిండా పెట్టుకుని? మొదట తోక చివర ఒక్కటే పీకాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. అలా ఒకటొకటిగా... ఇప్పుడది నెమలి కాదు, కోడీ కాదు. కోడి అయినా కూరకి సిద్ధమైన కోడి.

అత్తయ్య వచ్చే వారం వస్తోంది. నీ నెమలిని ఒక నెల అప్పివ్వు. నువ్వు బంగారానివి.

పిడుగు

*

పెద్దవీధి చివరి ఇంటి నుంచి,
మంగళవారం, మధ్యాహ్నం

ఒసేయ్ పిడుగూ,

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికెవడో. ఆవిడ ఇల్లు పోయిందంటే నువ్వు నెమలిని అడుగుతున్నావు. అయినా మరిది పొట్టకి నెమలిని బలిచ్చిన ఇల్లాలిని నిన్నే చూశాను.

నెమలిని పంపిస్తాను. కానీ రోజూ మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపాలి. తడిగుడ్డ ముట్టించకూడదు. మరిదిని దాని దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

గెలిచేది నువ్వా? కల మంచిదే, ఇంకాసేపు పడుకో. అత్తయ్య కోసం ఇక్కడ ఒక గది సిద్ధమవుతోంది తెలుసా? గోడలకి లేత ఆకుపచ్చ. కిటికీలకి వెన్నరంగు కర్టెన్లు, నేల మీద పడీ పడనట్టు సరిగ్గా అంగుళం పైకి. సోఫా మీద కుషన్లు, ప్రతిదాని మధ్యలో బట్ట చుట్టిన గుండీ. బీరువాకి ఇత్తడి పిడులు కొత్తవి బిగించాను. సాయంత్రం నాలుగింటికి ఎండ ఆ కర్టెన్లోంచి వచ్చి నేల మీద పడుతుంది, చూడాలి. నేను షాపు నుంచి వచ్చి టీ కలుపుకుని ఆ వెలుతురు పోయేదాకా అక్కడే కూర్చుంటున్నాను. కళ్ళజోళ్ళ షాపులో ఇన్నేళ్ళ నుంచీ ఏ మొహానికి ఏ ఫ్రేము నప్పుతుందో ఒక్క చూపులో చెబుతున్నదాన్ని, ఏ గదికి ఏ రంగో చెప్పలేనా?

మీ బావ ఓడ దిగి ఇంటికొచ్చేసరికి ఇంకో అరడజను నెలలైనా పడుతుంది. అంతదాకా ఇంట్లో అడ్డుచెప్పేవాళ్ళు లేరు. తువ్వాలు సోఫా మీద పారేసేవాళ్ళూ లేరు. పెట్టిన వస్తువు పెట్టిన చోటే ఉంటుంది. ఎంత హాయో నీకు తెలియదు. పెయింటరు మాత్రం ఉత్త మాటకారి. రెండు రోజుల పని నాలుగు రోజులు చేస్తాడు. వాళ్ళావిడ సంగతులు, వాళ్ళ పిల్లి సంగతులు, పక్కింటి గొడవలు అన్నీ చెబుతాడు. నేనూ తొందరపెట్టడం లేదు. రంగు ఆరాలి కదా.

పార్శిల్ రేపే పడేస్తాను. అత్తయ్యని అడిగానని చెప్పు.

అక్క

*

సైకిల్ షాపు మేడ మీద నుంచి,
శనివారం

అక్కా,

నీ కడుపు చల్లగా ఉండ! పార్శిల్ అందింది. అందుకున్నది అత్తయ్య.

ఎలాగంటావా? ఆవిడ వచ్చి రెండోరోజు. నేను బోడి నెమలిని మంచం కింద దుప్పట్లో చుట్టి పెట్టి, "నెమలికి గాజు ఫ్రేము కట్టించడానికి ఇచ్చానత్తయ్యా" అని నోటికొచ్చింది చెప్పాను. ఆవిడ నమ్మినట్టే ఉంది. టీ తాగుతోంది. మీ మరిది డ్యూటీకి తయారై షూ వేసుకుంటున్నాడు. అప్పుడు వచ్చాడు పోస్టుమన్. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికే అత్తయ్య సంతకం పెట్టేసి, "ఏమే, నీకేదో వచ్చింది, అక్క చేతిరాత" అంటూ తాడు తెంపేస్తోంది. వారం ముందు పంపిన పార్శిల్ సరిగ్గా ఆ గడియకి రావాలా? ఏ నత్త వీపు మీద ఎక్కించావు?

ఆవిడ నెమలిని చూసింది. గోడ మీద ఖాళీ మేకుని చూసింది. తర్వాత నెమ్మదిగా మీ మరిది వైపు తిరిగింది.

"అల్లుడూ, ఇలా రా" అంది.

పాపం, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన పొట్ట లోపలికి బిగబట్టడం చూశాను. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని, చొక్కా మీద ఒక్కో గుండీకి వేలు పెట్టి, "ఇది తోక. ఇది మెడ. ఇది రెక్క" అంటూ కిందిదాకా వచ్చి, బొడ్డు దగ్గర ఆగింది. "ఇది కన్ను" అంది.

నా పని అయిపోయిందనుకున్నాను. పెట్టె సర్దుకుని నీ దగ్గరికి వచ్చేస్తుందనుకున్నాను. అత్తయ్య కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. టీ ఒళ్ళో ఒలికినా ఆపలేదు. పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. మీ మరిది మాత్రం ఊపిరి వదలాలా వద్దా తెలియక నిలబడ్డాడు. నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుని, "నెమలికి కన్నుందో లేదో గానీ నీకు లేదే. నీలం చొక్కాకి పసుపు గుండీ వేస్తారా ఎవరైనా? ఉన్న చొక్కాలన్నీ పట్రా" అంది.

అంతే. ఆ రోజు మొదలెట్టింది, ఇవాళ్టికీ ఆపలేదు. చొక్కాలయ్యాక ప్యాంట్ల నడుములు వదులు చేసింది. పెద్దదాని గౌను పొడుగు పెంచింది, చిన్నదాని గౌను పొడుగు తగ్గించింది. దిండ్లు విప్పి దూది ఎండబెట్టింది. రేడియోల మీద కప్పడానికి గలేబులు కుట్టింది, మూగవాటికి చొక్కాలు తొడిగినట్టు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ తిట్లే. "ఇదీ ఒక ఇల్లేనా, ఇదీ ఒక అంచేనా, నా దగ్గర పెరిగినదానివేనా" అంటూ. తిట్టి, వెనక్కి తిరిగి కూనిరాగం తీస్తుంది. ఆవిడ మొహం అంత కళగా చూసి ఎన్నాళ్ళయిందో.

ఇంకెందుకు, పందెం నాదే. నీ నెమలిని జాగ్రత్తగా తిరిగి పంపిస్తున్నాను. ఒక్క గుండీ కూడా పోలేదు. పీకబోతుంటే మీ మరిదే వద్దన్నాడు.

పిడుగు

*

పెద్దవీధి చివరి ఇంటి నుంచి,
వానల్లో ఒక గురువారం

పిడుగూ,

తపాలావాళ్ళ ఆలస్యానికి నన్నంటావా? అన్నింటికంటే నిదానంగా వెళ్ళేది ఏదండీ అని కౌంటర్లో అడిగిన మాట నిజమే. అడగడం కూడా తప్పేనా?

అత్తయ్య నిన్ననే బయల్దేరి వెళ్ళింది. మూటలు కట్టుకోవాలంటూ వారం ముందే వెళ్ళిపోయింది. ఇక్కడ ఎలా గడిపిందో నీ గుండె మండేలా రాస్తాను, విను. నీ ఇంట్లోలాగా ఆవిడ చేత వెట్టిచాకిరీ చేయించలేదు నేను. కాఫీ గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. గ్లాసు కింద పెట్టేలోపు నేను అందుకున్నాను. పక్క దులుపుకోబోతే, "మీరు కూర్చోండి అత్తయ్యా" అన్నాను. ఉల్లిపాయ తరగబోతే కత్తి లాక్కున్నాను. గదిలోకి అడుగు పెట్టగానే, కర్టెన్ అంచు వేళ్ళతో తడిమి చూసింది. నీకు తెలుసుగా, మనుషుల మొహం కన్నా ముందు బట్ట అంచు చూస్తుంది. "షాపు కుట్టా? బాగుంది" అంది. కుషన్ తిప్పి చూసింది. "ఇదీ బాగుంది" అంది. బీరువా తలుపు రెండుసార్లు తెరిచి మూసింది. కిర్రుమనలేదు. నెమలి హాల్లో ఎదురుగానే ఉంది. "బాగుంది" అంది.

అన్నీ బాగున్నాయి. సాయంత్రాలు కిటికీ దగ్గర కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నేను షాపుకి వెళ్ళేటప్పుడు ఎలా కూర్చుందో వచ్చేటప్పటికీ అలాగే ఉండేది. ఇన్నేళ్ళు కుట్టుమిషన్ తొక్కిన మనిషి, విశ్రాంతి అంటే ఏమిటో ఇక్కడే చూసింది. మనం కోరుకునేది అదేగా? ఒకరోజు మాత్రం నా జాకెట్ చంక దగ్గర కుట్టు ఊడిందేమో చూస్తానంది. ఊడలేదు. కాస్త నిరాశపడినట్టు అనిపించింది గానీ నా భ్రమేమో.

గది రంగు కాస్త చలువ చేసిందేమో అని అనుమానంగా ఉంది. ఆకుపచ్చ కదా, వానాకాలం. పెయింటర్‌ని మళ్ళీ పిలిపించాను. లేత పసుపు వేయిస్తున్నాను. వాళ్ళ పిల్లి ఈనిందట, నాలుగు పిల్లలట.

నీకేమైనా చెప్పిందా, ఎవరి దగ్గరుంటానని?

అక్క

*

సైకిల్ షాపు మేడ మీద నుంచి,
సోమవారం

అక్కా,

చెప్పింది! నా దగ్గరే!

మిఠాయి పంచేదాన్నే, పిల్లలు ముందే తినేశారు. నిన్న వెళ్ళి మూటలు కట్టడంలో సాయం చేశాను. అక్కడే, పాత పెట్టె మీద కూర్చుని తేల్చి చెప్పింది. "పెద్దదాని ఇల్లు అద్దంలా ఉందే. అద్దంలో మొహం చూసుకుంటాం గానీ కాపురం ఉంటామా? నాకక్కడ పనే లేదు. పనిలేని చోట ఉంటే చుట్టం కిందే లెక్క. నీ కొంపలో అయితే నేను పోయేదాకా ఒకదాని తర్వాత ఒకటి చిరుగుతూనే ఉంటాయి" అంది.

పొగిడిందో తిట్టిందో ఆలోచించుకునే ఓపిక నాకు లేదు. గెలిచాను, చాలు. మీ మరిది అప్పుడే మిషన్ పెట్టడానికి చోటు చేస్తున్నాడు. మూడు రేడియోలు అమ్మేస్తానన్నాడంటే ఎంత త్యాగమో చూడు. పిల్లలిద్దరూ అత్తయ్య పక్కన ఎవరు పడుకోవాలా అని జుట్లు పట్టుకున్నారు.

నువ్వు ఇంకో పది కుషన్లు కొనుక్కో, ఓడిపోయిన బాధ మరిచిపోవడానికి. నువ్వు తిట్టిపోసే ఉత్తరం కోసం చూస్తుంటాను. కాగితానికి రెండువైపులా తిట్టు.

పిడుగు

*

పెద్దవీధి చివరి ఇంటి నుంచి

చెల్లీ,

ఉత్తరం అందింది. చాలా సంతోషం. పిల్లలకి మంచి తోడు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెట్ల మీద నీ డబ్బాలు కాస్త పక్కకి జరుపు.

ఆ గది కోసం ఒక దీపం కొన్నాను, తల దగ్గర పెట్టుకుని కుట్టుకోవడానికి పనికొస్తుందని. నీకు పార్శిల్ చేస్తున్నాను. ఈసారి తొందరగా చేరేదాంట్లోనే వేశాను.

పెయింటర్ పని ఇవాళ్టితో అయిపోయింది. ఇంకేదైనా గది ఉందా అమ్మా అని అడిగాడు. ఇద్దరం ఇల్లంతా తిరిగి చూశాం, మేడ మెట్ల కింద కూడా. ఏమీ మిగల్లేదు.

అక్క

*

సైకిల్ షాపు మేడ మీద నుంచి,
బుధవారం, వాన వెలిశాక

మా మంచి అక్కకి,

చెప్పాపెట్టకుండా ఊడిపడి రెండు రోజులు నీ ప్రాణం తోడినందుకు క్షమించు. ఊరికే నీ ఇల్లు చూడాలనిపించి వచ్చానంటే నువ్వు నమ్మలేదు గానీ, నిజంగా ఇల్లు చూడడానికే వచ్చాను. చూశాను కూడా. నువ్వు షాపుకి వెళ్ళిన పూట గదిగదీ తిరిగాను. ప్రతి కర్టెనూ ముట్టుకున్నాను. కుషన్లన్నీ ఒళ్ళో పెట్టుకున్నాను. బీరువా పిడులు తిప్పి చూశాను. ఎంత బాగా అమర్చుకున్నావో! నా దిష్టే తగులుతుంది, చూస్తూండు.

నువ్వు నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టకుండా రాసిన ఆ ఉత్తరం అందిన రోజు నాకు అన్నం సయించలేదు. "మీ అక్కకి జ్వరమేమో" అన్నాడు మీ మరిది. ఆయనకు కూడా తెలిసిపోయిందంటే చూడు. వచ్చాక నీకు జ్వరం లేదని తెలిసింది. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావక్కా. అన్నం తింటూ, పక్క వేస్తూ, నేను స్నానం చేస్తుంటే తలుపు బయట నిలబడి కూడా. పెయింటర్ వాళ్ళ పిల్లి పిల్లలు ఏ రంగువో నాకిప్పుడు కంఠతా వచ్చు. రైలు కదిలాక కూడా కిటికీ పట్టుకుని నడుస్తూ కర్టెన్ బట్ట ఎక్కడ కొన్నావో చెబుతూనే ఉన్నావు. నువ్వు కనపడనంత దూరం వచ్చాక నేను ఏడ్చాను. ఎందుకని అడక్కు.

తిన్నగా అత్తయ్య దగ్గరికే వెళ్ళాను. ఒకే ఒక్క మాట చెప్పాను. "అక్క ఇల్లు పైకి అద్దమే అత్తయ్యా, దగ్గరికెళ్ళి చూస్తే అంచులన్నీ ఊడి వేలాడుతున్నాయి" అన్నాను. ఆవిడ మూట కట్టడం ఆపి, "ఆ షాపు కుట్టు చూసినప్పుడే అనుకున్నాను!" అంది. అనుకోలేదు, బాగుందనే అంది, నీ ఉత్తరం సాక్ష్యం. సరేలే. రేపటి రైలుకి వస్తోంది. నాలుగు రోజులుండి సరిచేసి వచ్చేస్తానంది. నాలుగు రోజులకి మిషన్ ఎందుకని అడిగితే, "నోర్ముయ్" అంది.

మిషన్ మోయడానికి స్టేషన్లో కూలీని మాట్లాడుకో. కర్టెన్లు మాత్రం కదపకు. దుమ్ము కూడా దులపకు. నా మాట విను.

నాకూ ఆవిడ కావాలి. అది అబద్ధం కాదు. కానీ నా ఇంట్లో అరిచేవాళ్ళకి కొదవలేదు.

పిడుగు

*

పెద్దవీధి చివరి ఇంటి నుంచి,
ఆదివారం, పొద్దున్నే

ఒసేయ్ దొంగా,

ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. నేను పట్టాను. ఇన్నాళ్ళూ రాయకపోవడం కోపంతో అనుకున్నావేమో, నిజంగా కోపంతోనే.

నీ ఉత్తరం ఇంకా అందకముందే, గురువారం పొద్దున హాల్లో కర్టెన్ జరపబోయాను. అంచు మొత్తం జారి నా పాదాల మీద పడింది. రెండోది జరిపాను, అదీ అంతే. కుషన్ ఎత్తితే మధ్యలో గుండీ లేదు. ఏ కుషన్‌కీ లేదు. బీరువా తెరవబోతే పిడి ఊడి చేతికొచ్చింది. దయ్యం పట్టిందనుకున్నాను. దారం కొసలు చూశాక అర్థమైంది, చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ తెంపిన పని. మధ్యాహ్నం పూట ఒక్కర్తివే కూర్చుని అంత ఓపిగ్గా ఎలా విప్పావే? ఇంత శ్రద్ధ చదువు మీద పెట్టి ఉంటే ఈపాటికి జడ్జివి అయ్యేదానివి.

ఏంచేయాలో తెలియక నిలబడి ఉండగానే ఆటో ఆగింది. అత్తయ్య. వెనకాల మిషన్. లోపలికి వచ్చి, మొహం కడుక్కోకుండానే కర్టెన్ దగ్గరికి వెళ్ళింది. ఊడిన అంచు చేతిలోకి తీసుకుంది. ఆవిడ మొహం చూడాల్సింది నువ్వు! పిల్లలకి ఐసు చేతికిస్తే వెలుగుతుందే, అలా వెలిగింది. "ఇదేం కుట్టే! దీనికి కూలి కూడా ఇచ్చావా? ఆ కుట్టినవాడిని నా ముందుకి తీసుకురా" అంది. ఆ దర్జీ ఏ పాపమూ ఎరగడని చెప్పడానికి నోరు తెరిచాను. మూసుకున్నాను. ఆయన ఎప్పుడైనా మా షాపుకి వస్తే మంచి ఫ్రేము చూసి ఇస్తాను.

ఇప్పుడు నా ఇల్లు చూస్తే నువ్వు గుర్తుపట్టలేవు. హాలు నడిమధ్య మిషన్. కొత్త రంగు గోడకి నూనె చేతి ముద్ర. సోఫా నిండా దారం ముక్కలు. నేలకి అంగుళం పైన ఉండాల్సిన కర్టెన్లు కుర్చీల మీద, బల్ల మీద, నా మంచం మీద. పొద్దుట్నించీ తిట్లే. నిలబడి తింటానని తిట్టు, గ్లాసు గబుక్కున లాక్కుంటానని తిట్టు, కళ్ళజోళ్ళు అమ్ముతూ నా కళ్ళజోడు వంకర పెట్టుకుంటానని తిట్టు. "ఇన్నాళ్ళూ ఒక్కతివే ఎలా ఏడ్చావే" అని కూడా అంది ఒకసారి, సూదిలో దారం ఎక్కిస్తూ. నేను కింద పడ్డ దారం ముక్కలు ఏరుతూ కూర్చున్నాను.

మొన్న షాపు నుంచి వస్తుంటే వీధి మొదట్లోకే మిషన్ చప్పుడు వినపడింది. తాళం తీసుకుని లోపలికి వెళ్ళడం కాదు, లోపల నా కోసం ఎవరో ఉన్న ఇంటికి వెళ్ళడం. కాళ్ళు ఆగిపోయాయి. రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. రాస్తున్నానుగా, నవ్వుకో. నీకు ఆవిడ ఎంత కావాలో నాకు తెలుసు. తెలిసీ నాకు పంపించావు. ఇది నేను మరిచిపోను. అలాగని కుషన్ గుండీలు తిరిగివ్వకుండా తప్పించుకుంటావేమో, అదీ మరిచిపోను.

నాలుగు రోజులన్నది వారాలైంది. నిన్న చివరి కర్టెన్ తగిలించి, చేతులు దులుపుకుని, "ఇక నా పనైపోయిందే. రేపో ఎల్లుండో టిక్కెట్టు చూడు" అంది. అన్నీ నిండుగా వేలాడుతున్నాయి. గది మళ్ళీ అద్దంలా ఉంది.

ఇప్పుడే, ఆవిడ స్నానానికి వెళ్ళగానే, ఏం చేశానో చెప్పనా? స్టూలు లాగి, చిన్న కత్తెర తీసుకుని, హాలు కర్టెన్ దగ్గరికి వెళ్ళాను. అవును, నువ్వు చేసిన పనే. జన్మంతా మిషన్ తొక్కిన చేతి కుట్టు, తెంపడానికి గంట పడుతుందని భయపడుతూనే అంచు తిరగేశాను. మిషన్ కుట్టు లేదు. చిన్నప్పుడు మనకి గౌన్లు ఒంటికి పట్టి చూసేటప్పుడు దూరం దూరంగా వేసేదే, కచ్చా కుట్టు, అది వేసి ఉంది. పరిగెత్తుకెళ్ళి రెండో కర్టెన్ చూశాను, అదీ కచ్చా కుట్టే. మూడోదీ అంతే. ఇల్లు మొత్తంలో ఒక్క అంచు కూడా పక్కాగా కుట్టలేదు. మరి ఇన్నాళ్ళూ మిషన్ మీద టకటకమని కుట్టినవేంటి? మిషన్ కింద బుట్టలో ఉన్నాయి, నీ పిల్లలకి గౌన్లు.

కత్తెర అక్కర్లేకపోయింది. దారం కొస పట్టుకుని లాగాను. అంచు మొత్తం ఊడి వచ్చేస్తోంది. సగం దాకా వచ్చేసరికి వెనకాల తలుపు చప్పుడైంది. అత్తయ్య, తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉంది.

"మెల్లిగా లాగవే, దారం తెగుతుంది. మళ్ళీ దాంతోనే కుట్టాలి నేను" అంది.

అక్క